శ్రవణ ప్రతిపాదనలు ఆహ్వానించడమైనది

మాట్లాడేవాళ్ళకు మన దేశంలో ఏనాడూ కరువు రాలేదు. వచ్చిందల్లా వినేవాళ్ళకే. ఆ కరువును మొట్టమొదట గుర్తించి, దానికి నివారణ చర్యలు చేపట్టిన ఘనత మా విశ్వవిద్యాలయం విద్యాశాస్త్ర విభాగానిది. ఆ విభాగంలో నేను లెక్చరర్ని. పాతికేళ్ళుగా జరుగుతున్న మా విద్యా పరిశోధన సదస్సుకు సంయుక్త కార్యదర్శిని కూడా. సంయుక్త కార్యదర్శి అంటే పూలదండలు కొనుక్కొచ్చేవాడని తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను.

మా సదస్సు ఎలా జరిగేదో చూసినవాళ్ళు మరిచిపోలేరు. పొద్దున్నే బస్సులు దిగేవారు. ఉప్మా తినేవారు. సంచీ, పెన్నూ, మెడలో కార్డూ తీసుకునేవారు. ఎవరి గదిలో వాళ్ళు నిలబడి పత్రం చదివేసి, సర్టిఫికెట్ పుచ్చుకుని, మళ్ళీ బస్సెక్కేవారు. పత్రం చదివితే ప్రమోషన్‌కి పాయింట్లు వస్తాయి. పక్కవాడు చదివింది వింటే ఏమీ రావు. కాబట్టి ఎవరూ వినేవారు కారు. దీంట్లో ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. ఒకసారి ఒక గదికి అధ్యక్షత వహిస్తున్న పెద్దమనిషి, పక్క గదిలో తన పత్రం వేళయిందని లేచి వెళుతూ బల్ల మీద చీటీ పెట్టి వెళ్ళాడు. "చాలా బాగుంది, కొనసాగించండి" అని. అప్పటికి వక్త ఇంకా రాలేదు.

పోయినేడు తనిఖీ బృందం వచ్చేదాకా ఇదంతా చల్లగా సాగిపోయింది. బృందంలో ఒకాయన గదులన్నీ తిరిగి చూసి మా డీన్ ఆచార్య దక్షిణామూర్తి గారిని అడిగాడు, "మీ పరిశోధనలు ఎవరికి చేరుతున్నాయి?" అని.

"సమాజానికి," అన్నారు డీన్ గారు.

"సమాజం ఏ గదిలో కూర్చుంది?" అన్నాడాయన.

ఆ మాట మా డీన్ గారికి ముల్లులా గుచ్చుకుంది. వారం తిరక్కుండానే కమిటీ పిలిచారు. మన బి.ఎడ్. పిల్లల్ని తెచ్చి కూర్చోబెడదామండి అన్నాను నేను. డీన్ గారు నా వైపు జాలిగా చూశారు.

"వీర్రాజూ, కూర్చోవడం వేరు, వినడం వేరు. వాళ్ళు వింటున్నారనడానికి ప్రమాణమేమిటి? శ్రవణమనేది ఒక జ్ఞాన వనరు. నియంత్రణ లేని వనరు దుర్వినియోగం అవుతుంది. పత్ర సమర్పణకు ప్రతిపాదన అడుగుతున్నాం, పరిశీలిస్తున్నాం, ఆమోదిస్తున్నాం. శ్రవణానికి ఎందుకు అడగకూడదు?"

ఊఁ అన్నాను. కమిటీ అంతా తల ఊపింది. ఈసారి సదస్సు ప్రకటన ఇలా వెలువడింది:

"శ్రోతలుగా పాల్గొనదలచినవారు తమ శ్రవణ ప్రతిపాదనను ఐదు వందల పదములకు మించకుండా పంపవలెను. అందు శ్రవణ నేపథ్యము, లక్ష్యములు, శ్రవణ విధానము, ఆశించు ఫలితములు, పూర్వ శ్రవణ వివరములు పొందుపరచవలెను. ప్రతిపాదనలను అభ్యర్థి పేరు తెలియకుండా ఇరువురు నిపుణులు పరిశీలింతురు. ఆమోదింపబడిన విధానమునకు భిన్నముగా వినుట నిషిద్ధము. ఆమోదిత శ్రోతలు కనీసం ఐదుగురు విన్నట్లు నివేదిక ఇవ్వనిదే ఏ పత్రమూ సమర్పించినట్లు పరిగణింపబడదు. ఆమోదిత శ్రోతకు, పత్ర సమర్పకునితో సమానముగా పాయింట్లు లభించును."

ఆ చివరి వాక్యం పిడుగులా పడింది. మాట్లాడాలంటే ఏదో ఒకటి తెలియాలి. కనీసం తెలిసినట్టు కనిపించాలి. వినడానికి ఆ బాధ లేదు. రాష్ట్రంలో ఉన్న విద్యావేత్తలందరికీ తాము పుట్టుకతో శ్రోతలమన్న సంగతి ఒక్కసారిగా గుర్తొచ్చింది. ప్రతిపాదనలు బస్తాల్లో రాసాగాయి. "వెనక వరుస శ్రవణం: ఒక తులనాత్మక పరిశీలన". "భోజనానంతర శ్రవణంలో ఎదురయ్యే సవాళ్ళు". "ఎడమ చెవి దృక్పథం". నిపుణులు ఏమీ ఉదారంగా లేరు. ఒకాయనది కొత్తదనం లేదని, అందరూ విన్నట్టే వింటానంటున్నాడని తిప్పి పంపారు. ఇంకొకావిడ శ్రవణ విధానం మరొకరి విధానానికి నకలని తేలి, ఆవిడ మూడేళ్ళపాటు ఎక్కడా వినకూడదని నిషేధం పెట్టారు.

నేనూ ఒకటి పంపాను. పూర్వ శ్రవణ వివరాల కింద, పాతికేళ్ళుగా డీన్ గారి మాటలు వింటున్నానని నిజాయితీగా రాసుకున్నాను. "అభ్యర్థి ఒకే మూలంపై అతిగా ఆధారపడ్డాడు" అని తిరస్కరించారు. నేనే ఆ ఉత్తరాలను కవర్లలో పెట్టి అంటించేవాణ్ణి కాబట్టి నా తిరస్కారం నేనే నాకు పోస్టు చేసుకున్నాను.

ఇలా ఉండగా పత్రాలు పంపినవాళ్ళు ఒక్కొక్కరే వాటిని వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. వినే అవకాశం ఉండగా ఎవరు మాట్లాడతారు? గడువు ముగిసేసరికి శ్రోతలు హాలు పట్టనంతమంది తేలారు. పత్రం ఒక్కటి మిగిలింది. నేను కంగారుపడి డీన్ గారి దగ్గరికి పరుగెత్తాను.

"కంగారెందుకు? వక్తకు ఇంతమంది శ్రోతలున్న సదస్సు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా? ఆ నిష్పత్తిని నివేదికలో మొదటి పేజీలో వెయ్యి," అన్నారాయన.

ఆ ఒక్క పత్రం రాసినావిడ సదస్సుకు ముందువారం స్వయంగా మా ఆఫీసుకొచ్చింది. పేరు నూకరత్నం. ఏటవతల ఒక చిన్న ఊళ్ళో, ఒకే టీచరున్న ప్రాథమిక పాఠశాలలో ఆ ఒక్క టీచరూ ఆవిడే. చేతిలో గొడుగు, భుజాన రెక్సిన్ సంచీ, చెప్పులకు ఏటి ఒండ్రు.

"సార్, నా కాయితం ఉందాండి, తీసేశారాండి?"

"ఉందమ్మా. అదొక్కటే ఉంది."

కూర్చోమన్నాను. ఆవిడ కూర్చుని, గొడుగు ఒళ్ళో పెట్టుకుని, వచ్చిన పని చెప్పింది.

"మా బడి ఎత్తేసి ఇవతల ఒడ్డు బళ్ళో కలిపేస్తామంటున్నారండి. పిల్లలు తక్కువున్నారంట. తక్కువేనండి, కాదన్ను. కానీ ఏటి మీద వంతెన లేదు కదండి. ఒకటో తరగతి పిల్లల్ని రోజూ బల్లకట్టెక్కించి పంపమంటే ఏ తల్లి పంపుద్దండి? మానిపించేస్తారు. మండలం ఆఫీసులో సారు మంచోరేనండి. మీ బళ్ళో ఏదో ప్రయోగం జరుగుతోందని యూనివర్సిటీ వాళ్ళు కాయితం ఇస్తే ఈ ఏడాదికి మీ జోలికి రామమ్మా అన్నారు. అందుకండి."

"ప్రయోగం నిజంగా జరుగుతోందా?" అన్నాను. సదస్సు ఉద్యోగంలో అడగకూడని ప్రశ్న అది. అలవాటు తప్పి అడిగేశాను.

"జరుగుతోందండి. మా పిల్లలు పుస్తకం తీస్తే నోరు మెదిపేవోళ్ళు కాదు. నేను వినడం అంటే తప్పులు పట్టడమే కదండి, ఆ భయం. అందుకని ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టేనండి. ఒకళ్ళు చదవాలి, రెండోవాళ్ళు ఊ కొట్టాలి. కథ చెప్తుంటే కొడతాం చూడండి, అలా. ఊ ఆగిందంటే చదివేవాడూ ఆగాలి. మళ్ళీ ఆ వాక్యం మొదట్నుంచీ. అంతేనండి మా పద్ధతి."

"దానికే చదువుతున్నారా?"

"చదవకేం చేస్తారండి? ఎదటివాడు ఊ అంటుంటే మధ్యలో ఆపబుద్ధి కాదు కదండి ఎవరికీ."

పాతికేళ్ళుగా ఎన్నో పత్రాల సారాంశాలు కవర్లలో పెట్టి అంటించాను. ఒక్కటీ నాకు అర్థం కాలేదు. ఇది అర్థమయ్యేసరికి, ఇందులో ఏదో లోపం ఉండి ఉంటుందని భయమేసింది కూడా. కానీ ఆవిడంటే ఇష్టం కలిగింది. ఆ బడి ఉండాలనిపించింది.

"సదస్సు రోజున మీరు వింటారాండి?" అంది లేస్తూ.

"నాకు అనుమతి రాలేదమ్మా. తిరస్కరించారు."

"వినడానికాండి?"

అవునన్నాను. ఆవిడ ఇంకేమీ అడక్కుండా గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. పెద్ద ఆఫీసుల్లో ఎక్కువ అడక్కూడదని ఆవిడకు ఎవరో చెప్పి ఉంటారు.

సదస్సు నాడు మా పెద్ద హాలు మొదటిసారిగా నిండింది. ప్రతివాళ్ళ మెడలోనూ "ఆమోదిత శ్రోత" అన్న కార్డు వేలాడుతోంది. ఎవరి విధానంలో వాళ్ళు అప్పుడే వినడం మొదలుపెట్టేశారు. అంతర్ముఖ శ్రవణం ఆమోదం పొందినవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. చర్చా శ్రవణం వాళ్ళు నలుగురేసి గుండ్రంగా కూర్చుని తమలో తాము మాట్లాడుకుంటున్నారు. దూర శ్రవణం వాళ్ళు క్యాంటీన్‌లో ఉన్నారు. మిగిలినవాళ్ళు తలొంచుకుని శ్రవణ నివేదిక రాసుకుంటున్నారు. సాయంత్రం రద్దీగా ఉంటుందని ముందే పూర్తిచేసుకుంటున్నారట.

జ్యోతి వెలిగించారు. డీన్ గారు శ్రవణ సంస్కృతి మీద కీలకోపన్యాసం మొదలుపెట్టారు. మనిషికి దేవుడు రెండు చెవులూ ఒక నోరూ ఎందుకిచ్చాడో వివరించడంతో భోజనాల వేళయింది.

భోజనాలయ్యాక నూకరత్నాన్ని పిలిచారు. ఆవిడ ఉతికిన నేత చీర కట్టుకుని వచ్చింది. కాగితం ఏమీ తేలేదు. మైకు ముందు నిలబడి నమస్కారం పెట్టింది.

"మాది ఒకే పంతులమ్మున్న బడండి," అంది. అని ఆగింది.

చర్చా శ్రవణం వాళ్ళు కూడా మాటలు ఆపారు. ఆవిడ కాసేపు చూసింది.

"మాది ఒకే పంతులమ్మున్న బడండి," అంది మళ్ళీ. మళ్ళీ ఆగింది.

బెదిరిపోయిందనుకున్నారు డీన్ గారు. "నిస్సంకోచంగా కొనసాగించండి," అన్నారు అధ్యక్ష పీఠం నుంచి.

"ఎవరూ ఊ అనట్లేదండి."

"ఏమంటున్నారు?"

"మా పద్ధతే అదండి. ఊ అనకపోతే ముందుకెళ్ళకూడదు. పిల్లలకి పెట్టిన రూలు నేను తప్పితే ఎలాగండి? కొంచెం ఊ అనండి, చెప్పేస్తాను."

ముందు వరుసలోంచి డాక్టర్ చిదంబరరావు గారు లేచారు. ఈ ఏటి ఉత్తమ శ్రవణ ప్రతిపాదన బహుమతి ఆయనదే. "అధ్యక్షా, నా ఆమోదిత విధానం నిశ్శబ్ద విమర్శనాత్మక శ్రవణం. ఊ అంటే నా నిశ్శబ్దానికి భంగం. దానివల్ల నా పాయింట్లు పోతే బాధ్యత ఎవరు వహిస్తారు?"

వెనక నుంచి ఇంకొకావిడ లేచింది. "ఊ అనడం సమ్మతి తెలపడం. విషయం వినకముందే సమ్మతి తెలిపితే పరిశోధన నీతికి విరుద్ధం."

సభలో కలకలం రేగింది. చర్చా శ్రవణం వాళ్ళు చాలాకాలానికి ఒక విషయం దొరికినందుకు ఉత్సాహంగా చర్చించసాగారు. డీన్ గారు చెయ్యెత్తి అందర్నీ ఆపి, కళ్ళజోడు సర్దుకుని తీర్పు చెప్పారు.

"ఊ అనునది నోటి నుండి వెలువడు శబ్దము. కాబట్టి అది ప్రసంగము. ప్రసంగించు అధికారము ఆమోదిత పత్ర సమర్పకులకే కలదు. తక్కినవారు ఊ అనదలచిన ఎడల పత్ర సమర్పణ ప్రతిపాదన పంపి ఉండవలసింది. గడువు ముగిసినది. వీర్రాజూ, రాసుకో."

రాసుకున్నాను. నూకరత్నం అలాగే నిలబడి ఉంది. పత్రం చదవకుండా దిగిపోతే కాగితం రాదు. కాగితం రాకపోతే బడి ఉండదు. రూలు తప్పి చదివేస్తే, రేపు పిల్లల ముందు ఏ ముఖంతో నిలబడాలి? కార్డు లేక తలుపు దగ్గరే నిలబడిపోయిన నాకు కూడా ఇదంతా తెలుస్తోంది. హాల్లో అంతమంది వినేవాళ్ళున్నారు. ఒక్కరికీ తెలియడం లేదు. నాకు ఒళ్ళు మండింది.

"మాది ఒకే పంతులమ్మున్న బడండి," అంది ఆవిడ మూడోసారి. ఈసారి గొంతు సన్నగా ఉంది.

"ఊఁ," అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు. "ఎవరది? ఏ విధానం?" అన్నారు చిదంబరరావు గారు.

"ఏ విధానమూ లేదండి. నన్ను తిరస్కరించారు. నిబంధనలన్నీ ఆమోదిత శ్రోతలకే కదండి," అన్నాను.

డీన్ గారు నిబంధనల పుస్తకం తిరగేయడం మొదలుపెట్టారు. ఆయన తిరగేస్తుండగానే నూకరత్నం ముందుకు వెళ్ళిపోయింది. రెండో వాక్యానికి నా పక్కనుంచి ఇంకో ఊ వినబడింది. అతిథుల్ని తెచ్చిన కారు డ్రైవరు. నాలుగో వాక్యానికి, వంటపాత్రలు కడుగుతున్నవాళ్ళు కూడా చేతులు తుడుచుకుంటూ తలుపు దగ్గరికొచ్చారు. కార్డులేని వాళ్ళం అంతా అక్కడ గుంపయ్యాం. ఆవిడ హాల్లో ఉన్న వాళ్ళందరి తలల మీదుగా మాకే చెప్పింది.

మంగ అని ఒక పిల్ల ఉందట. నత్తి. ఒక మాట బయటికి రావడానికి చాలా సేపు పడుతుంది. రెండేళ్ళ నుంచీ క్లాసులో నోరు విప్పలేదు. ఊ కొట్టేపని తన జోడీ పిల్లకు ఇస్తే, మంగ ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ఆగి పాఠమంతా చదివిందట. మధ్యాహ్నం గంట కొట్టినా ఆ జోడీ పిల్ల లేవలేదట.

"ఊ అనేవాళ్ళు తొందరపెట్టరు కదండి," అంది నూకరత్నం. "అందించరు, దిద్దరు. ఉన్నామని చెప్తారు, అంతే."

"ఊఁ," అన్నాం తలుపు దగ్గర. డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఆ పని చేశాను గాని, నేను సంయుక్త కార్యదర్శిని కాబట్టి పక్కకి తిరిగి చేశాను.

సాయంత్రం శ్రవణ నివేదికలు పోగుచేసుకుని డీన్ గారి గదిలో పెట్టాను. ఒక్కదాంట్లోనూ ఆవిడ చెప్పిన విషయం లేదు. అందరూ తామెంత బాగా విన్నారో రాశారు. చిదంబరరావు గారి నివేదిక మాత్రం వివరంగా ఉంది. "శ్రవణం అత్యుత్తమంగా సాగింది. వక్త వలన స్వల్ప అంతరాయం కలిగినది."

బయట వరండాలో బల్ల మీద నూకరత్నం కాగితం కోసం కూర్చుని ఉంది. ఆఖరి బల్లకట్టు చీకటి పడకముందే వెళ్ళిపోతుందని నాతో రెండుసార్లు చెప్పింది.

"ఆమోదితులు విన్నట్లు ఆధారం లేదు," అన్నారు డీన్ గారు. "విన్నవారు ఆమోదితులు కారు. కాబట్టి పత్రం సమర్పింపబడలేదు. సర్టిఫికెట్ ఇవ్వ వీలులేదు. రాసుకో. ఇక వచ్చే ఏటి సదస్సు విషయం. వచ్చే ఏడు మనం..."

ఆయన ఆగారు. నేను కలం పట్టుకుని కూర్చున్నాను.

"వచ్చే ఏడు మనం..." అన్నారు మళ్ళీ. నా ముఖంలోకి చూశారు. "వింటున్నావా?"

"వింటున్నానండి."

"మరి ఏమీ అనవేం?"

"ఊ అంటే ప్రసంగమని తమరే తీర్పిచ్చారు కదండి. నేను పత్రం పంపలేదు. ఇందాక పొరపాటున అన్నాను. మళ్ళీ అనను."

డీన్ గారు చిరునవ్వు నవ్వి, లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చారు. గొంతు సవరించుకున్నారు. "వచ్చే ఏడు మనం శ్రవణ రంగాన్ని..." ఆ తర్వాత మాట రాలేదు. నేను ఎప్పుడూ చూడని దృశ్యం అది. నీళ్ళు తాగారు. ఇంకోసారి ప్రయత్నించారు. ఈసారి "వచ్చే ఏడు" దగ్గరే ఆగిపోయింది. కుర్చీలో కూలబడ్డారు.

"వీర్రాజూ," అన్నారు మామూలు మనిషి గొంతుతో. "ఇన్నేళ్ళూ నేను మాట్లాడుతున్నాననుకున్నానయ్యా. నువ్వు ఊ అంటుంటే నడిచిందన్నమాట."

నాకు జాలేసింది. అయినా నోరు బిగపట్టాను. వరండాలో గొడుగు కనిపిస్తోంది.

"ఈ విశ్వవిద్యాలయం మొత్తంలో ఇవాళ ఊ అనడానికి అధికారం ఎవరికుంది?" అన్నారు.

"ఆమోదిత పత్ర సమర్పకులకండి. ఒక్కరే ఉన్నారు. బయట కూర్చున్నారు."

పిలవమన్నారు. పిలిచాను. ఆవిడ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. డీన్ గారు "వచ్చే ఏడు మనం శ్రవణ రంగాన్ని..." అని బెరుగ్గా ఆగారు.

"ఊఁ," అంది నూకరత్నం.

అంతే, మా డీన్ గారికి వాక్కు వచ్చేసింది. శ్రవణ రంగాన్ని రాష్ట్రవ్యాప్తం చేశారు. శ్రవణ విశ్వవిద్యాలయం స్థాపించారు. దానికి ఉపకులపతిగా ఎవరుండాలో చెప్పబోతున్నారు. ఆవిడ ఊ అనడం ఆపింది. ఆయన కూడా టక్కున ఆగారు.

"ఏమ్మా?"

"బల్లకట్టు వెళ్ళిపోద్దండి. నా కాయితం."

డీన్ గారు ఆవిడ వైపు చూశారు. కిటికీ వైపు చూశారు. నివేదికల కట్టను పక్కకి నెట్టి, తెల్లకాగితం తీసుకుని తన చేత్తోనే రాశారు. ఈ పాఠశాలలో జరుగుతున్న ప్రయోగాన్ని విశ్వవిద్యాలయం స్వయంగా పరిశీలించిందనీ, ఫలితాలు రూఢి అయ్యాయనీ, ప్రయోగం మరికొంత కాలం తప్పనిసరిగా సాగాలనీ రాసి, సంతకం పెట్టి, ముద్ర కోసం నాకందించారు. "ఎవరి మీద రూఢి అయ్యాయో రాయలేదు. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు," అన్నారు.

ముద్ర వేసి ఇచ్చాను. నూకరత్నం దాన్ని రెండుసార్లు చదువుకుని, మడతపెట్టి, రెక్సిన్ సంచిలో పెట్టి జిప్పు లాగింది. వెళ్ళిపోతుందనుకుని నేను తలుపు తీసి పట్టుకున్నాను. ఆవిడ గడియారం చూసుకుంది. బల్లకట్టుకు ఇంకా కాస్త వేళుంది కాబోలు. కుర్చీలో వెనక్కి జరిగి సర్దుకు కూర్చుంది.

"నా మూలంగా మధ్యలో ఆగిపోయారండి," అంది డీన్ గారితో. "ఆ వాక్యం మొదట్నుంచీ చెప్పండి సార్."

డీన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మొదట్నుంచీ చెప్పారు.